మూడో మలుపుతో సహా

అన్ని సంతకాలూ వచ్చాయి, ఒక్కటి తప్ప.

వకుళ పనిచేసేది హైదరాబాదులో ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో. మొత్తం పన్నెండు మంది. మూడేళ్లుగా వాళ్లు ఒక కార్ల పందెం గేము తయారు చేస్తున్నారు. అది స్టాక్ కార్ల పందెం. ఆ కారు బయటికి చూస్తే మన వీధిలో తిరిగే కారే, బానెట్ ఎత్తి చూస్తే మాత్రం పులి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రోడ్డు మీద, నాలుగు మలుపుల్లోనూ ఎడమకే తిరుగుతూ, నలభై రౌండ్లు పరిగెత్తాలి. కర్నూలు అవతల ఎర్రమిట్ట ట్రాకులో ప్రతి చలికాలం జరిగే పందేలను ఉన్నవి ఉన్నట్టు గేములోకి దించాలన్నది వాళ్ల సంకల్పం.

ట్రాకు వాళ్లు ఒప్పుకున్నారు. కార్ల యజమానులు ఒప్పుకున్నారు. ఇక డ్రైవర్ల పేరు, ముఖం, కారు నంబరు, బండి నడిపే తీరు వాడుకోవాలంటే ఎవరి అనుమతి పత్రం వాళ్లే రాసివ్వాలి. ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టారు. ఇరవై నాలుగో మనిషి దైవాశీర్వాదం.

ఎర్రమిట్టలో ఆయన పదకొండేళ్లు పరిగెత్తాడు, ఆరుసార్లు గెలిచాడు. పందేలు మానేసి ఇప్పుడు కర్నూలులో డ్రైవింగ్ స్కూలు నడుపుకుంటున్నాడు. అందరూ ఆశీర్వాదం అంటారు. కాగితం పంపితే, చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదని, ఒకసారి చూపించమని కబురు చేశాడు.

వచ్చాడు. తెరమీద తన పసుపు కారును, దాని మీద పన్నెండో నంబరును చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. గేములో ఆ కారును నడిపేది కంప్యూటరే అయినా, నడిపే తీరు మాత్రం ఆయనది. అలా తీర్చిదిద్దింది వకుళ. ఆశీర్వాదం కుర్చీలో కూర్చుని తన కారు పరిగెత్తడం చూశాడు. ఒక రౌండు, రెండు, మూడు. నవ్వు తగ్గుతూ వచ్చింది. తొమ్మిదో రౌండుకు లేచి నిలబడ్డాడు.

"శానా బాగుందమ్మా. కానీ ఇది నేను కాదు."

ఎందుకు కాదో చెప్పలేదు. టీ కూడా తాగకుండా కర్నూలు బస్సెక్కాడు.

వకుళకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ట్రాకునంతా లేజరుతో అంగుళం అంగుళం కొలిపించింది తను. ఇంజను శబ్దం కోసం ఒకే కారుకు పదకొండు మైకులు కట్టించింది. ఆశీర్వాదం ఆడిన చివరి నాలుగు సీజన్లలో ఆయన ఏ మలుపులో స్టీరింగు ఎంత తిప్పాడో, బ్రేకు మీద ఎంత బరువు వేశాడో, కారులోని పరికరాలు నమోదు చేసిన ఆ వివరాలన్నీ నెలల తరబడి ముందేసుకుని కూర్చుంది. ఆ మనిషిని ఆయన పెళ్లాం పిల్లలకంటే తనే ఎక్కువ ఎరుగునని ఆమె నమ్మకం.

నిజానికి ఒక్కచోట మాత్రం ఆమె సొంతంగా ఒక మార్పు చేసింది. ప్రతి రౌండులోనూ మూడో మలుపు దగ్గర ఆశీర్వాదం యాక్సిలరేటరు మీంచి కనురెప్పపాటు కాలు తీసేవాడు. నున్నటి మలుపు, అడ్డేమీ లేదు, మిగతా వాళ్లెవరూ తీయలేదు. ఆయన కాలు తీసినప్పుడల్లా గ్యాలరీలో జనం ఈలలు వేసేవారు, పిరికివాడనేవారు. అంతటి మనిషికి ఈ మచ్చ గేములో కూడా ఎందుకని, అభిమానం కొద్దీ, వకుళ దాన్ని తీసేసింది. గేములోని కారు అసలు ఆశీర్వాదం కంటే రౌండుకు అరసెకను ముందుండేది. తను ఆయనకిచ్చిన కానుకగా అనుకుంది దాన్ని.

కంపెనీ పెద్ద బాలాదిత్య మంచివాడే. కానీ గేము విడుదలకు మూడు వారాలే గడువుంది. దాన్ని అమ్మిపెట్టే సంస్థ, ఎర్రమిట్ట విజేత లేని ఎర్రమిట్ట గేము మాకొద్దని తేల్చి చెప్పింది. పన్నెండు మంది మూడేళ్ల కష్టం ఆ సంతకం దగ్గర ఆగిపోయింది. అప్పుడు బాలాదిత్య ఒక ఉపాయం చెప్పాడు. దైవాశీర్వాదాన్ని దేవాశీర్వాదం చేద్దాం. పన్నెండును ఇరవై ఒకటి చేద్దాం. పసుపు కాస్త ముదురు చేద్దాం. వకీలు కూడా ఫరవాలేదన్నాడు. ఆడేవాళ్లకు ఎవరో అర్థమైపోతుంది, ఎవరూ ఏమీ అనలేరు.

వకుళ ఒక రోజంతా ఆలోచించి తలూపింది. ఊపాక ఆమెకు ఎందుకో ఉస్తాద్‌కు ఒక మాట చెప్పాలనిపించింది.

ఉస్తాద్ అంటే మస్తాన్ వలి. డెబ్బై దాటిన మెకానిక్కు. ఎర్రమిట్ట ట్రాకును ఆనుకుని ఆయన రేకుల షెడ్డు. ఆశీర్వాదం పరిగెత్తిన పదకొండేళ్లూ ఆ పసుపు కారును చూసుకున్నది ఆయనే. గేము పని మొదలైన కొత్తలో, కారు కింద ఏం జరుగుతుందో తెలుసుకు రమ్మని వకుళను నాలుగు రోజులకు పంపితే, ఆమె నాలుగు నెలలు ఉండిపోయింది. కిరసనాయిలులో సామాన్లు కడిగింది. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి ఇంజను లోపలి చప్పుడు వినడం నేర్చుకుంది. ఉస్తాద్ పాఠం చెప్పే మనిషి కాదు. ఒకసారి ఆమె ఒక నట్టును బలంకొద్దీ బిగించేస్తే ఆయన ఏమీ అనలేదు. దాన్నే విప్పమని ఆమె చేతికిచ్చి పోయి పడుకున్నాడు. విప్పడానికి ఆమెకు సాయంత్రమైంది. అప్పటినుంచి ఆమె ఏ నట్టునూ అవసరానికి మించి బిగించలేదు. గేముల సంగతి మాత్రం ఆయనకు పట్టదు. ఎన్నిసార్లు పిలిచినా వచ్చి చూడలేదు.

ఏప్రిల్ నెల. వకుళ తెల్లారే బయల్దేరి కారు నడుపుకుంటూ పదకొండు గంటలకు ఎర్రమిట్ట చేరింది. షెడ్డు గుమ్మం బయట చెప్పులు విడిచింది. లోపలికి చెప్పులు తేకూడదన్నది అక్కడి నియమం. ఒక్క ఇసుక రేణువు చాలు, ఇంజను పాడవడానికి. ఉస్తాద్‌కైతే అసలు చెప్పులే లేవు. ట్రాకంతా ఉత్త కాళ్లతోనే తిరిగేవాడు.

"ఎండలో వచ్చినావే పాపా. తిన్నావా?" అని అడిగాడు.

తిన్నానంది. ఆయన ఒక పిస్టన్‌ను గుడ్డతో తుడుస్తూ కూర్చుంటే, వకుళ ఎదురుగా పీట వేసుకుని జరిగిందంతా చెప్పింది. ఆశీర్వాదం ఏమని వెళ్లిపోయాడో చెప్పింది. పేరులో ఒక్క అక్షరం మార్చే సంగతీ చెప్పింది. ఆయనకిందులో నష్టమేమీ లేదని, ఆయన ఆట ఊరూరా తెలుస్తుందని, తను చేసినంత శ్రద్ధగా ఆయన కారును ఇంకెవరూ చేయరని చెప్పింది. చెప్పేకొద్దీ ఆమె గొంతు పెద్దదైంది.

ఉస్తాద్ అంతా విన్నాడు. పిస్టన్‌ను బల్లమీద పెట్టాడు. చేతులు తుడుచుకుని లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. అక్కడున్న వకుళ చెప్పుల్లో వేళ్లు దూర్చాడు. నీలం పట్టీల కొత్త చెప్పులవి, ఆయన మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. అలాగే టపటపమనిపించుకుంటూ ఎండలోకి వెళ్లిపోయాడు.

దొడ్డివైపు వెళ్లాడేమోననుకుని వకుళ కూర్చుంది. పావుగంటైంది. అరగంటైంది. ఫోను చేస్తే అది బల్లమీదే మోగింది. గుమ్మంలోకొచ్చి చూస్తే, దూరంగా ట్రాకు లోపలివైపు, మూడో మలుపు అవతల జెండా ఊపేవాళ్ల కోసం వేసిన రేకుల నీడలో ఆయన కూర్చుని కనిపించాడు. ఇటు చూడటం లేదు. పిలిచింది. గాలికి వినబడలేదో, విననట్టున్నాడో.

సాయంత్రానికి ఆమె హైదరాబాదులో ఉండాలి. ఇక తప్పక ఉత్త కాళ్లతో దిగింది.

గోడ సందులోంచి ట్రాకు మీద అడుగు పెట్టగానే అరికాళ్లు చుర్రుమన్నాయి. నల్లటి తారు, నడినెత్తిన ఎండ. మూడేళ్లుగా రోజూ తెరమీద చూస్తున్న రోడ్డు అది. దాని వాలు ఎన్ని డిగ్రీలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇప్పుడు దాని మీద కప్పలా గెంతుతోంది. లోపలి అంచున తెల్లగీత కాస్త చల్లగా ఉంటుందని తోచి, మూడో మలుపుకు అడ్డంపడి దానివైపు పరిగెత్తింది.

మధ్యలో కాలి బొటనవేలికి ఏదో తగిలి ముందుకు తూలింది. అరచేతులు నేలకానించి నిలదొక్కుకుంది.

అక్కడ గట్టుంది.

కంటికి కనబడదు. పాత తారు మీద కొత్త తారు పోసినచోట, రెండూ కలిసే అతుకు, బొటనవేలి మందాన పైకి లేచి, మలుపుకు ఏటవాలుగా పోయి, నాలుగడుగుల తర్వాత మళ్లీ నేలలో కలిసిపోయింది. వకుళ కాళ్ల మంట మరిచిపోయి వంగి దానిపొడవునా చెయ్యి పెట్టి చూసింది. లేజరు కొలతల్లో ఇక్కడ చుక్కలు కొన్ని చెదిరినట్టుండేవి. దుమ్మేదో పడి ఉంటుందనుకుని అలాంటి చుక్కలన్నిటినీ కంప్యూటరు చేత నున్నగా చదును చేయించింది తనే.

కారు మలుపు తిరిగేటప్పుడు బరువంతా ముందు కుడి టైరు మీద పడుతుంది. ఆ బరువుతో, ఆ వేగంతో, ఈ గట్టు మీదికి ఒక్కసారి కాదు, నలభైసార్లు.

ఆమె లేచి నెమ్మదిగా నడిచి నీడకు చేరింది. ఉస్తాద్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఉస్తాద్, నా చెప్పులు."

ఆయన తన కాళ్లవైపు చూసుకున్నాడు. "బాగుండాయి పాపా. మెత్తగా."

"అడిగితే ఇచ్చేదాన్ని కదా."

"ఆఁ" అన్నాడాయన. "అడిగింటే ఇచ్చేదానివే."

చెప్పులు తీసి, అడుగున అంటిన తారు మట్టిని తన తువ్వాలుతో దులిపి, ఆమె ముందు జతగా పెట్టాడు. వకుళ వాటిని వెంటనే తొడుక్కోలేదు. ఇద్దరూ ఖాళీ ట్రాకును చూస్తూ కూర్చున్నారు. వేడికి తారు మీద గాలి నీళ్లలా కదులుతోంది. ఆమె ముఖంలో ఎరుపు ఎండది మాత్రమే కాదు.

కొంతసేపటికి అడిగింది. "మూడో మలుపులో ఆ గట్టు సంగతేంటి ఉస్తాద్?"

"అది ఆశీర్వాదాన్ని అడగల్ల."

"మీకు తెలుసు కదా."

"తెలుసు" అని ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె కారు హైదరాబాదు దారి పట్టలేదు. కర్నూలు ఊళ్లోకి తిరిగింది. డ్రైవింగ్ స్కూలు దగ్గర ఆశీర్వాదం, కొత్తగా నేర్చుకునే ఒక టీచరమ్మ పక్కన కూర్చుని, క్లచ్చు వదలడంలో తొందర పడవద్దని నాలుగోసారి చెబుతున్నాడు. వకుళ ఆ పాఠం అయిపోయేదాకా చింతచెట్టు కింద నిలబడింది.

ఆయన వచ్చాక ముందుగా పేరు మార్చే సంగతి చెప్పింది. ఆ ఆలోచన కంపెనీదే అయినా తనూ తలూపానని చెప్పింది. అది జరగదని, ఆయన సంతకం పెట్టినా పెట్టకపోయినా ఆయన కారు ఆయనదేనని చెప్పింది. ఆశీర్వాదం తల వంచుకుని విన్నాడు. కోపం వచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు.

"ఎర్రమిట్టకు పోయొచ్చినావా?" అని అడిగాడు చివరికి. ఆయన ఆమె కాళ్లవైపు చూస్తున్నాడు. అరికాళ్ల అంచుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి.

"మూడో మలుపులో గట్టు తగిలింది సార్. అందుకేనా మీరు కాలు తీసేది?"

ఆయన రెండు కుర్చీలు తెచ్చి చింతచెట్టు కింద వేశాడు. తర్వాత ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. మొదటి సంవత్సరం మూడు పందేలు ముందుండి కూడా ఓడిపోయాడట. మూడుసార్లూ ముప్పై రౌండ్లు దాటాక ముందు కుడి టైరు చీలిపోయింది. చీలిన టైరును మస్తానన్న ఒళ్లో పెట్టుకుని ఒక పూటంతా నిమిరాడు. మర్నాడు ఇద్దరూ చెప్పుల్లేకుండా ట్రాకంతా నడిచారు. ఆ గట్టు మీదికి ఒక్క క్షణం కాలు తీసి వెళితే వేగం కాస్త తగ్గి దెబ్బ మెత్తబడుతుంది, టైరు బతుకుతుంది. రౌండుకు అరసెకను పోతుంది. కానీ ముప్పై దాటాక అందరి టైర్లూ అయిపోయి, మార్చుకోవడానికి ట్రాకు వదిలి లోపలికి రావలసి వచ్చినప్పుడు తన టైరు ఇంకా కొత్తగా ఉంటుంది. ఆరు విజయాలూ ఆ చివరి పది రౌండ్లలోనే వచ్చాయి.

"జనం పిరికివాడనేవాళ్లు. మా ఇంటామె శానా బాధపడేది. అయినా ఆమెకు కూడా చెప్పలే."

"ఎందుకు సార్?"

"చెప్తే అందరూ కాలు తీస్తారు కదమ్మా" అని నవ్వాడు ఆశీర్వాదం. ఆ నవ్వు వెంటనే ఆగింది. "మస్తానన్న కూడా ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పలేదు, చూడు."

వకుళ తన చెప్పులవైపు చూసుకుంది.

"నీ గేములో నా బండి నాకంటే జోరుగా పోతాంది. చూసేదానికి బాగుండాది. కానీ ఆ మనిషి పందెం గెలవడమ్మా."

గట్టు సంగతి గేములో పెట్టవచ్చా అని ఆమె అడిగింది. ఆయన ఆలోచించి, ఇప్పుడు పెట్టవచ్చునన్నాడు.

హైదరాబాదు వచ్చి వకుళ బాలాదిత్యకు విషయం చెప్పింది. ఆయన మొదట తల పట్టుకున్నాడు. తర్వాత ఆమె చెప్పిన టైరు కథ విని, ఆ గట్టు ఎంత ఎత్తుందని అడిగాడు. ఆ అడగడంలోనే ఆయన ఒప్పుకున్నట్టు ఆమెకు తెలిసింది. అమ్మే సంస్థ వాళ్లను బతిమాలి ఇంకో నెల గడువు తెచ్చాడు.

చదును చేసిందంతా వెనక్కి తీసేశారు. ఒక్క గట్టే కాదు, ట్రాకు మీద దాచిపెట్టిన గుంటలు, మిట్టలు, అతుకులు అన్నీ ఒక్కసారి పైకి లేచాయి. నున్నటి రోడ్డుకు అలవాటుపడిన కార్లు పిచ్చి గుర్రాల్లా ఎగిరి గోడలకు కొట్టుకున్నాయి. ఇరవై నాలుగు కార్లకూ స్ప్రింగులు, టైర్లు మొదటినుంచి సర్దవలసి వచ్చింది. ఆ పన్నెండు మందిలో ఒక్కరూ విసుక్కోలేదు. టైరు అరిగే లెక్కను చూసుకునే అమ్మాయి, చీలిన అసలు టైరు ముక్క ఒకటి ఉస్తాద్ దగ్గర్నుంచి తెప్పించుకుని బల్లమీద పెట్టుకుని పనిచేసింది. ఆశీర్వాదం కాలు తీసే ఆ కనురెప్పపాటును వకుళ తిరిగి ఆయనకు ఇచ్చేసింది.

మే నెల చివర ఒక ఉదయం ఆశీర్వాదం వచ్చాడు. ఆయన వెనకాల, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఉస్తాద్ కూడా బస్సు దిగాడు.

ఆశీర్వాదం ఈసారి తనే, తెర ముందు బిగించిన స్టీరింగు పట్టుకుని పెడళ్ల మీద కాళ్లు పెట్టాడు. మొదటి మలుపు, రెండో మలుపు తిరిగాడు. మూడో మలుపు దగ్గర ఆయన కుడి పాదం దానంతటది పైకి లేచి మళ్లీ దిగింది. అక్కడ స్టీరింగు ఆయన చేతుల్లో చిన్నగా వణికింది. నలభై రౌండ్లూ తిప్పాడు. అయిపోయాక కాగితం ఇమ్మన్నాడు.

ప్రతి పేజీ చదివాడు. పేరు, ముఖం, కారు నంబరు, బండి నడిపే తీరు అని ఉన్నచోట ఆగి, కలం తీసుకుని పక్కన తన చేతిరాతతో 'మూడో మలుపుతో సహా' అని రాశాడు. దాని కింద సంతకం పెట్టాడు.

ఆ తర్వాత టీలు వచ్చాయి. ఆశీర్వాదం సరదాగా, గేములో ఉన్న తనతో ఒక పందెం వేసి చూడమన్నాడు వకుళను. ఆమె సిగ్గుపడుతూనే కూర్చుంది. పది రౌండ్లకు పసుపు కారును దాటేసింది. మూడో మలుపులో అది వెనకబడినప్పుడల్లా ఈమె ముందుకు దూకుతోంది. ఇరవై రౌండ్లకు చాలా దూరం వచ్చేసింది. గదిలో వాళ్లంతా వెనక చేరి ఉత్సాహపరుస్తున్నారు. ఆమె కూడా ఒళ్లు మరిచిపోయింది.

ఉస్తాద్ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెరవైపు చూడటం లేదు. తల కొద్దిగా పక్కకు వంచి వింటున్నాడు. ఇరవై ఏడో రౌండులో ముందుకొచ్చాడు. వచ్చి, ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"ముందర కుడి టైరు అయిపోయింది పాపా. లోపలికి రా."

తెరమీద టైరు బాగుందని చెప్పే గుర్తు ఇంకా ఆకుపచ్చగానే ఉంది. వకుళ ఒక్క మాట అడగలేదు. స్టీరింగును ఎడమకు తిప్పి, కారును లోపలికి తెచ్చింది.